ఉల్టా రాసిన పేర్లు

మాఘమాసం, శనివారం. వికారాబాదు, మా ఇంటి పెరడు. వాన లేదు, గాలి లేదు, పొద్దున అనంతగిరి వైపు మంచు. హాజరైనవారు: నేను; హైదరాబాదులో బొమ్మల గ్యాలరీలో పనిచేసే ఒక అమ్మాయి; యాలాల్ నుంచి వచ్చిన ముసలామె; బండ లేపడానికి పిలిచిన ఇద్దరు మనుషులు. రానివారి సంగతి రాసే అలవాటు నా డైరీల్లో లేదు. ఆ రోజు పేజీ కింద మాత్రం ఒక మాట చేర్చాను: మా ఆడబిడ్డ ఉండవలసింది.

డైరీని వానతో మొదలుపెట్టడం నాకు ఉద్యోగం అంటించిన అలవాటు. వ్యవసాయశాఖ ఆఫీసులో నా పని, పొద్దున్నే వానకొలత పాత్రలో నీళ్ళు చూసి లెక్క రాయడం. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో ఏమీ ఉండదు. ఏమీ లేదని కూడా శ్రద్ధగా రాయాలి. పదవీ విరమణ తరువాత కూడా ఆ రాత మానలేకపోయాను. ఇంటికొచ్చిన ఆ అమ్మాయి అల్మరాలోని డైరీల వరస చూసి ఎంతో ఆశపడింది. "ఆంటీ, వీటిలో ఆమె బొమ్మల గురించి ఉంటుందా?" అని అడిగింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషిని ఆంటీ అని పిలిచినందుకు సంతోషించి, పాతవి తీసి చూపించాను. వాన, కరువు, బియ్యం, ఎవరి జ్వరం ఎంత. మా ఆడబిడ్డ జీవితంలో అన్నిటికన్నా పెద్ద దినం నాడు నేను రాసుకున్నది ఇంతే: "వాన లేదు. ఆడబిడ్డకు అన్నం సయించలేదు."

ఆ అమ్మాయి వచ్చిన పని ఇది. వాళ్ళ గ్యాలరీవాళ్ళు ఒక ప్రదర్శన పెడుతున్నారు. మన దగ్గర కొత్తరకం చిత్రకళ మొదలైన రోజుల్లో బొమ్మలు వేసి, అచ్చులు తీసి, తరువాత ఎవరికీ గుర్తులేకుండా పోయిన ఆడవాళ్ళ గురించి. పాత ప్రదర్శన పుస్తకమొకదానిలో మా ఆడబిడ్డ పేరు కనిపించిందట. ఎవరో పెద్దమనిషి ఇంట్లో ఆమె చెక్కతో తీసిన అచ్చు ఒక్కటి దొరికిందట. ఇంకొకటైనా దొరికితే గోడ మీద ఆమెకు ప్రత్యేకంగా చోటిస్తారు. లేకపోతే "మరికొందరు" అనే వరసలో పేరు మాత్రం వస్తుంది. జాబితా ఆదివారం పొద్దున్నే అచ్చుకు పోవాలి. ఆమె ఫోనులో ఈ మాట చెప్పినప్పుడే నాకు బండ గుర్తొచ్చింది. ఇంట్లో ఆమె చేతిది మిగిలిందంటే పెరట్లో బట్టలుతికే బండ ఒక్కటే, అదీ బోర్లా వేసి ఉంది.

మా ఆడబిడ్డ అంటే మా ఆయన చెల్లెలు. నేను తాండూరులో ఆ ఇంటికి కోడలిగా వెళ్ళేనాటికి ఆమె పట్నంలో బొమ్మల కాలేజీలో చదువుతోంది. మా మామగారికి ఊరి బయట చిన్న బండల గని ఉండేది. తాండూరులో ఇంటి అరుగు, గోడ, కప్పు, పొయ్యిగట్టు, అన్నీ బండే. ఏ ఇంట్లో చూసినా కాళ్ళకు చల్లగా తగులుతుంది. అంత రాయి మధ్య పుట్టిన పిల్ల రాయి మీద బొమ్మ వేయాలనుకోవడంలో వింతేమీ లేదు. అయితే ఆమె మొదలుపెట్టింది చెక్కతో. మొదటి సెలవులకు వచ్చినప్పుడు మంచి చెక్క దొరకక మా అత్తమ్మ జొన్నరొట్టెలు చేసే పీట తీసుకుంది. దాని అడుగున నీళ్ళబిందె ఎత్తుకున్న మనిషిని చెక్కి, కాగితం మీద అచ్చు తీసుకుని, కడిగి, మళ్ళీ దాని చోటులో పెట్టేసింది. మర్నాడు అత్తమ్మ చూడకుండా పీట తిరగేసి రొట్టె కొట్టింది. పెనం మీద నుంచి దిగిన ప్రతి రొట్టె మీదా ఒక బిందె, ఒక చెయ్యి. మామగారు రొట్టెను వెలుతురులో పట్టి చూసి, "గీ ఆడమనిషి ఎవలే?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా తినేశారు. ఇప్పుడు ఎవరో పెద్దమనిషి గోడ మీద అద్దం వెనక ఉన్నది ఆ పీట అచ్చేనని గ్యాలరీ అమ్మాయి చూపించిన ఫోటోలో గుర్తుపట్టాను. పీటకు మూలన కాలిన మచ్చ ఉండేది, అది కూడా అచ్చులో పడింది.

రాతి అచ్చు సంగతి వేరు. కాలేజీలో దానికని విదేశీ రాళ్ళు కొన్ని ఉండేవట, ఒక్కోటి ఇద్దరు మోసేంత బరువు. వాటిని మగపిల్లలకే ఇచ్చేవారు. ఆమె అడిగితే, ఆడపిల్లవు, రాయి ఎత్తలేవు, నీటిరంగులు వేసుకో అన్నారట. ఆ మాట చెబుతూ మా వంటింట్లో ఆమె నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. మా గనిలో బండలు మోసేది ఆడవాళ్ళే. నెత్తి మీద చుట్టకుదురు పెట్టుకుని, బండ ఎత్తుకుని, గుంతలోంచి మెట్లెక్కి పైకొస్తారు. "వదినా, రాయి ఆడోళ్ళు ఎత్తలేరంట. మన తాండూర్ల జెప్తె నవ్విపోతరు" అంది. ఆ ఎండాకాలం సెలవుల్లో గనికి పోయి, నాలుగు వేళ్ళ మందాన పసుపుపచ్చ బండ ఒకటి, పొర లేనిది, గీత లేనిది, తానే ఎంచి తెచ్చుకుంది. విదేశీ రాయి చేసే పని మా రాయి చేస్తుందని చూపించాలి, దాని మీద మా ఆడవాళ్ళనే చూపించాలి. పట్నంలో ఏటా జరిగే ప్రదర్శనకు ఆ అచ్చు పంపాలి. ఆమె పట్టుదల అది.

పని ఎట్లా జరుగుతుందో నాకు పూర్తిగా అర్థమైందని చెప్పను. మైనం, సబ్బు, కొవ్వు, దీపం మసి కలిపి కడ్డీలు చేసుకుంది. కొవ్వు కోసం నేను పడిన తిప్పలు అత్తమ్మకు తెలియకుండా గడిచాయి. నున్నగా రుద్దిన బండ మీద ఆ కడ్డీతో గీస్తే జిడ్డు రాతిలోకి దిగుతుంది. తరువాత నీళ్ళు పూస్తే జిడ్డు ఉన్నచోట నీరు నిలవదు. అక్కడే సిరా పట్టుకుంటుంది. కాగితం పరిచి, పట్నంలోని యంత్రం కింద నొక్కితే బొమ్మ కాగితానికి ఎక్కుతుంది. "బొమ్మ రాయి మీద ఉండదు వదినా, రాయిల ఉంటది" అనేది. నెల రోజులకు పైగా వసారాలో పట్టా కట్టుకుని గీసింది. నేను చూసిన బొమ్మల్లో దేవుళ్ళకు కళ్ళుంటాయి, రాణులకు నగలుంటాయి. దీంట్లో ఐదుగురు ఆడవాళ్ళు, ఒక్కరికీ కళ్ళు ముక్కు లేవు. నెత్తి మీద బండ, దాని కింద నొక్కుకుపోయిన మెడ, వంగిన భుజం, అంతా పెద్ద పెద్ద పలకలుగా. ఇందులో ఎవరి మొహం ఎవరిదని అడిగాను. "మొఖాలు గాదు వదినా, గవి బరువులు" అంది. మరి ఎవరెవరో ఎట్లా తెలుస్తుందంటే, అంచు పొడుగునా వాళ్ళ పేర్లు రాస్తానంది. రాసింది. అచ్చులో సరిగ్గా పడాలంటే రాతి మీద తిరగేసి రాయాలి. అద్దం ముందు పెట్టుకుని, కుడి నుంచి ఎడమకు, ఒక్కో అక్షరం. కూలి పుస్తకంలో తప్ప ఎక్కడా రాయని ఐదు పేర్లు పట్నంలో గోడ మీద కనబడతాయని ఆమె ఎంత మురిసిపోయిందో. ఇంట్లో అప్పటికే ఆమెకు "ఉల్టా పిల్ల" అని పేరు పడింది. మా ఆయనే పెట్టారు.

అంత జాగ్రత్తగా ఆలోచించిన మనిషికి ఒక్కటి తట్టలేదు. నాకూ తట్టలేదు. మా వైపు ఆ రోజుల్లో బాణామతి భయం ఊరూరా ఉండేది. ఎవరింటి ముందో నిమ్మకాయ దొరికితే ఆ వాడంతా రెండు రోజులు అన్నం తినేది కాదు. మనిషి పేరు తిరగేసి రాస్తే మనిషికి కీడు అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. నీళ్ళు తాగడానికి వసారాలోకి వచ్చిన పనివాడెవడో పట్టా ఎత్తి చూశాడు. కళ్ళు లేని ఆడవాళ్ళు, పక్కన తిరగేసిన అక్షరాలు. వాడికి చదువు కొద్దిగా వచ్చు, అసలే రాకపోయినా బాగుండేది. అదే వారంలో ఆ ఐదుగురిలో ఒకామె కొడుక్కి, మూడేళ్ళవాడికి, జ్వరమొచ్చి ఫిట్స్ మొదలయ్యాయి. ఆమే ఈ యాలాల్ ముసలామె. వయసులో నాకన్నా చిన్నది.

వాళ్ళు ఐదుగురూ కలిసి వచ్చారు. అరవలేదు, తిట్టలేదు. వాకిట్లో నిలబడ్డారంతే. పిల్లవాడు ఈమె భుజం మీద ఉన్నాడు. మామగారు గనిలో ఉన్నారు, మా ఆయన ఉద్యోగం మీద వికారాబాదులో. అత్తమ్మ తలుపు వెనక నిలబడింది. మా ఆడబిడ్డ అద్దం తెచ్చి బండకు ఎదురుగా పట్టి, చూడండి, అద్దంలో మీ పేర్లు సరిగ్గా ఉన్నాయి అని చూపించింది. వాళ్ళకు చదువు రాదు. అద్దం తేవడం ఇంకా తప్పయింది. మంత్రగాళ్ళ దగ్గరా అద్దం ఉంటుందట. "రెండు దినాలు ఆగుండ్రి" అని బతిమాలింది. "పట్నం పోయి కాయిదం మీద తీసుకొస్త. సీదా పడ్తయ్ మీ పేర్లు. నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉన్నది చిన్నక్కా" అంది యాలాలామె. "రెండు దినాలు వీడుండాలె గద."

మా ఆడబిడ్డ పిల్లవాడి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. తరువాత కొంగు నడుముకు చుట్టి, బండ మీద ఇసుక పోసి, నీళ్ళు చల్లి, చేతిలో పట్టేంత రాయి తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. నెల రోజుల పని బూడిదరంగు బురదగా అంచుల నుంచి కారింది. ఆమె ముందుకూ వెనక్కీ రుద్దుతోంది. అప్పుడు ఆ ఐదుగురిలో ఒకామె పక్కన కూర్చుని, గట్లగాదు చిన్నక్కా, గిట్ల గుండ్రంగ తిప్పాలె అని రాయి అందుకుంది. వెంటనే ఇంకొకామె. రాయి రుద్దడం వాళ్ళకు తెలిసినంత ఆమెకేం తెలుస్తుంది? నలుగురూ చుట్టూ కూర్చుని, ఐదో ఆమె కూడా పిల్లవాడిని నా చేతికిచ్చి కూర్చుని, తమ పేర్లు తామే రుద్దుకున్నారు. చివరికి మాటల్లో పడి బావి దగ్గర ఎవరిదో తగువు గురించి నవ్వుకున్నారు కూడా. ఆ నవ్వు వింటూ మా ఆడబిడ్డ చేతులకంటిన బురద కడుక్కుంది. పిల్లవాడిని ఆ సాయంత్రమే దవాఖానకు తీసుకుపోయి సూది వేయించాం. జ్వరం తగ్గింది. సూదికి తగ్గిందో బండ రుద్దితే తగ్గిందో అని మా ఊరిలో చాలా రోజులు వాదించుకున్నారు. దవాఖానకు ఓట్లు తక్కువ పడ్డాయి.

ఆ ఏడు ప్రదర్శనకు ఆమె ఏమీ పంపలేదు. మళ్ళీ వేయవచ్చు కదా అని నేను అన్నాను. "గా చెయ్యి మళ్ళ రాదు వదినా" అంది. చదువు ముగించుకుని వికారాబాదులో ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచరుగా చేరింది. మామిడిపిందె, తామరపూవు, అంచు డిజైన్లు. ఉద్యోగమున్నన్నాళ్ళూ పిల్లలకు అంచులు గీయడం నేర్పింది, తను ఏమీ గీయలేదు. పెళ్ళి వద్దంది, మాతోనే ఉంది. ఇన్నేళ్ళలో ఆ ఐదుగురిని ఒక్కమాట అనగా నేను వినలేదు. అననందుకే నాకు ఎక్కువ బాధ. మేము ఇక్కడ ఇల్లు కట్టుకున్నప్పుడు, ఆ బండ తన ఇంట్లో వద్దని అత్తమ్మ లారీ బండలతో పాటు దాన్నీ పంపించేసింది. రుద్దిన ముఖం కిందికి వేసి, గరుకు వైపు పైకి పెట్టి, మేస్త్రీ పెరట్లో సిమెంటుతో బిగించాడు. మా ఆడబిడ్డ తన బట్టలు దాని మీదే ఉతుక్కునేది. తొమ్మిదేళ్ళయింది ఆమె పోయి.

గ్యాలరీ అమ్మాయి, ఆ బండను చూసినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని ముందే ఫోనులో అడిగితే యాలాలుకు కబురు పెట్టాను. ఐదుగురిలో ఈమె ఒక్కతే మిగిలింది. తాండూరు దాకా మనవడి ఆటో, అక్కడి నుంచి రైలు. వస్తూ సంచిలో కందిపప్పు తెచ్చింది. మనుషులు గడ్డపారతో సిమెంటు పగలగొట్టి, మధ్యాహ్నం దాటాక బండను లేపి గోడకు ఆనించారు. ఇన్నాళ్ళూ కిందున్న వైపంతా మట్టి, సున్నం, ఎర్రచీమలు. ఆ అమ్మాయి బట్టతో తుడిచింది, టార్చి పక్క నుంచి వేసి చూసింది, కళ్ళద్దాలు తీసి దగ్గరగా చూసింది. ఏమీ లేదు. పసుపుపచ్చ బండ, తాండూరులో ఏ అరుగు మీదైనా ఉండేదే. ఆమె మర్యాదస్తురాలు, నిరాశ బయటపెట్టలేదు. టీ తాగి, మా ఇద్దరి మధ్య నిలబడి, చెయ్యి చాపి ఫోనులో ఒక ఫోటో తీసుకుని, జాబితా సంగతి చూడాలని చీకటి పడకముందే బయలుదేరింది.

యాలాలామెకు రైలు మర్నాటికి. సాయంత్రం ఇద్దరం వాకిట్లో చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చున్నాం. ఆమెకు ఆ అమ్మాయి చెప్పినదంతా అర్థమైందో లేదో అనుకుంటున్నాను.

"మా పేర్లు పట్నంల గోడకు పెడ్తుండెనా చిన్నక్క?" అని అడిగింది.

అవునన్నాను.

"గా ముచ్చట మాకెవలు చెప్పకపోయిరి."

"ఆమే చెప్పింది. అద్దం పట్టి చూపించింది గద."

ఆమె కాయలు తుంచుతూనే ఉంది. "చెప్పింది" అంది చివరికి. "మాకే ఇనబడలే."

మర్నాడు పొద్దున. ఆదివారం, వాన లేదు, మంచు తక్కువ. ఆమె రైలుకు ఇంకా సమయం ఉంది. మట్టితో ఉన్న బండను అట్లా వదలబుద్ధి కాక, పైపు పెట్టి కడిగాను. నీళ్ళు పడి బండంతా నల్లగా అయింది. ఎండ గోడ మీదికి వచ్చేసరికి ఆరడం మొదలైంది. బండ ఆరేటప్పుడు అంచుల నుంచి లోపలికి ఆరుతుంది, రోజూ చూసేదే. ఇది అట్లా ఆరలేదు. తడి నలుపు మధ్యలో ఒకచోట ముందే తెల్లబడింది, వంపుగా. వంగిన భుజం, దాని మీద ఒక బరువు అంచు. జిడ్డు ఉన్నచోట నీరు నిలవదు. కింద మూలన ఇంకో చిన్న తెల్లటి గుర్తు, కోడి గీకినట్టు. మొత్తం అంతే. ఐదుగురిలో ఒక భుజం, ఒక కోడిగీత. యాలాలామెను పిలిచాను. ఆమె వంగి ఆ గీతను చూసి, "ఇది అచ్చరమా?" అంది. ఆమె సంతకం నేర్చుకుంది, మహిళా సంఘంలో నేర్పారు. అయినా తిరగేసిన అక్షరం నాకే అర్థం కాలేదు.

భయపడుతుందేమో అనుకున్నాను. నిన్న పట్నం పిల్ల తీసినట్టు ఒక ఫోటో తియ్యమంది, మనవడికి చూపించాలట. నాకు ఆ ఫోనులో మనకేసి చూసే కెమెరానే ఎప్పుడూ తెరుచుకుంటుంది, ఎన్నిసార్లు పెరట్లో పెట్టుకున్న వాన పాత్రను తీయబోయి నా ముక్కు తీశానో. ఆ రోజు అదే కావలసివచ్చింది. బండకు వీపు పెట్టి ఇద్దరం బండ తీసిన గట్టు మీద కూర్చున్నాం. చెయ్యి చాపి ఫోను ఎత్తాను. తెరలో రెండు ముసలి మొహాలు, వెనక బండ, మూలన ఆ కోడిగీత తిరగబడి, సీదాగా, స్పష్టంగా "మ్మ" అని ఉంది.

ఐదుగురి పేర్లూ ఆ అక్షరంతోనే అయిపోతాయి.

"నీదేనా?" అన్నాను.

ఆమె తెర మీద వేలు పెట్టబోయి ఆగింది. సంతకంలో ఎప్పుడూ పెట్టే అక్షరం, గుర్తుపట్టింది. "గప్పుడు రుద్దుకుంట ఏ దిక్కు కూసున్ననో యాదికి లేదక్కా" అంది. "మా అయిదుగుర్ల ఎవలదో ఒకలది."

ఫోటో తీశాను. తీసిన తరువాత చూస్తే ఆ అక్షరం మళ్ళీ ఉల్టా అయి కూర్చుంది. తెరలో సీదాగా కనబడినదాన్ని ఫోను దాచేటప్పుడు తిరగేసి దాస్తుందట. ఆ సంగతి తరువాత ఎవరో చెప్పారు. వెనక్కి తిరిగి చూసేసరికి బండ అంతా ఆరిపోయి ఒకే రంగులో ఉంది. ఫోటోను గ్యాలరీ అమ్మాయికి పంపించాను. కాసేపటికి జవాబు వచ్చింది. ఇద్దరూ ఎంత బాగున్నారో ఆంటీ అని, జాబితా పొద్దున్నే పంపేశానని. యాలాలామెను స్టేషనులో రైలెక్కించి వచ్చి డైరీ తీశాను. వాన లేదు అని రాశాను. గడిచిపోయిన కాలాన్ని సీదాగా చూడాలంటే దానికి వీపు పెట్టి కూర్చోవాలి కాబోలు, దాచుకుందామని పట్టుకోగానే మళ్ళీ తిరగబడుతుంది.